కప్పలెక్కిన మునుస్వామి ఎవరు? ఒక వంశచరిత్ర సంఘం కేస్ స్టడీ

నేపథ్యం

తిరుపతిలో మేము నడుపుకుంటున్న వంశచరిత్ర సంఘానికి సొంత గది లేదు, జీతం తీసుకునే మనిషీ లేడు. నెలకొక ఆదివారం ఎవరో ఒక సభ్యుడి మేడ మీద కూర్చుంటాం. సభ్యులు నలభై మందికి మించరు. వారిలో రిటైరైన ఉపాధ్యాయులు, ఇద్దరు దస్తావేజు లేఖరులు, పిల్లలు అమెరికాలో ఉండగా ఇక్కడ ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు ఉన్నారు. నేను రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం ఈ సంఘానికి కార్యదర్శిని. ఈ కేసులోని కుటుంబాన్నీ ఊరినీ గుర్తుపట్టే వీలు లేకుండా రాస్తున్నాను, పేర్లన్నీ మార్చినవే. ఊరు పాత చంద్రగిరి తాలూకాలోనిదని మాత్రం చెప్పక తప్పదు, ఎందుకంటే కథంతా ఆ తాలూకా రికార్డుల మీదే నడిచింది.

మా సంఘం పని మొదట్లో చాలా సులువుగా కనిపించేది. సభ్యులు తమ ఇళ్ళలో ఉన్న పాత కాగితాల నకళ్ళు తెచ్చేవారు. వాటిలో శుభలేఖలు, పెద్దకర్మ పత్రికలు, పట్టాలు, విక్రయ దస్తావేజులు, ఎక్కడో దొరికిన ఇనాం రిజిస్టరు పుటలు ఉండేవి. వాటి ఆధారంగా ఒక్కో కుటుంబానికి వంశవృక్షం గీసి, సంఘం ముద్ర వేసి, పీడీఎఫ్‌గా అందరికీ పంచేవాళ్ళం. శ్రాద్ధంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పుకునే అలవాటు వల్ల మనలో చాలామందికి మూడు తరాలు నోటికి వస్తాయి. నాలుగో తరం దగ్గరే అసలు పని మొదలవుతుంది. ఆ నాలుగో తరాన్ని కాగితం మీద చూసుకున్న వారి సంతోషం మాకు సరిపోయేది. వృక్షాన్ని పంచడమే జ్ఞానాన్ని పంచడమని అప్పట్లో మేము నమ్మాం. ఈ కేసు ఆ నమ్మకాన్ని మార్చింది.

వచ్చిన సమస్య

మొదట దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒకావిడ మాకు రాశారు. ఆమె ముత్తాత 1890ల చివర్లో మద్రాసు నుంచి డర్బన్ ఉన్న నెటాల్‌కు కూలి ఒప్పందం మీద ఓడెక్కి వెళ్ళాడు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరినప్పటి నుంచి 1911లో ఆ వలస ఆగేదాకా లక్షా యాభై రెండు వేలకు పైగా భారతీయులు ఆ దారిన వెళ్ళారు. ఎక్కిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు రాసుకున్న జాబితాలు నేటికీ ఉన్నాయి. ఆవిడ పంపిన పంక్తిలో పేరు మునుస్వామి, తండ్రి ‘వెంకటన్’, వయసు 22, జిల్లా నార్త్ ఆర్కాట్, తాలూకా చంద్రగిరి అని ఉంది. నార్త్ ఆర్కాట్ అన్న మాట చూసి ఆవిడ కొన్నేళ్ళుగా వేలూరు, ఆర్కాటు చుట్టుపక్కల వెతికారట. చంద్రగిరి తాలూకా 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటులోనిది, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలోనిది. ఒకే ఊరు, మూడు జిల్లాల పేర్లు. ఈ మాట చెప్పగానే ఆవిడ వెతుకులాటలో సగం తీరిపోయింది. మేమూ పొంగిపోయాం.

మా సభ్యుల్లో ఒకరిది అదే ఊరు, అదే కులం. వారి వంశంలో అన్నదమ్ములిద్దరు ఉండేవారు, పెద్దాయన వెంకటప్ప, చిన్నాయన వెంకటరామయ్య. ఆ రెండు శాఖలను ఊరివాళ్ళలాగే నేనూ పెద్దింటివారు, చిన్నింటివారు అని రాస్తాను. మా సభ్యుడు పెద్దింటివాడు. తన ముత్తాతకు అన్న ఒకాయన ఉండేవాడనీ, పేరు మునుస్వామి అనీ, ఆయన సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదనీ చెప్పాడు. సంగతి తెలియని మనిషి దొరికాడు, ఓడెక్కిన మనిషీ దొరికాడు. ఇద్దరినీ కలిపేశాం. డర్బన్ శాఖ పెద్దింటి వృక్షానికి అతుక్కుంది, మా ముద్ర పడింది, పీడీఎఫ్ వెళ్ళింది. ఆ రోజు మేడ మీద మైసూరుపాకు కూడా పంచుకున్నాం.

ఆరేడు నెలల తర్వాత ఎనభై ఏళ్ళ పెద్దావిడ ఒకరు మనవణ్ణి వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. చేతిలో మా వృక్షం ప్రింటు ఉంది, మడతల దగ్గర చిరిగిపోయింది. మునుస్వామి పేరు మీద వేలు పెట్టి, “మీరు రాసింది తప్పు నాయనా. మా అమ్మ నాయన ఏ కప్పలూ ఎక్కలేదు. ఈ ఊర్లోనే పోయినాడు. మా చేలో బావి పక్కన ఆయన సమాధి ఉండాది, వచ్చి చూడండి” అన్నారు. అరవం కలిసిన మన వైపు మాటలో కప్పలంటే ఓడ. పెద్దింటి మునుస్వామికి మగపిల్లలు లేరు, ఒక్కతే కూతురు. ఆ కూతురి బిడ్డ ఈ పెద్దావిడ. మా వృక్షం మునుస్వామిని సముద్రం దాటించడంతో ఆ కూతురూ ఆమె సంతానమూ కాగితం మీద లేకుండా పోయారు. పెద్దింటివారిలో ఒకరు ఆ వృక్షాన్ని పట్టా మార్పిడి అర్జీకి జత చేశారన్న సంగతి ఆవిడ మాటల్లోనే బయటపడింది. మా సభ్యుడికి దురుద్దేశం ఉందని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. విదేశంలో బంధువులు దొరికారన్న మురిపెమే ఆ పని చేయించింది. కానీ ముద్ర మాది.

ఏమి ప్రయత్నించాం, ఎందుకు ఫలించలేదు

మొదట సవరణ పంపాం. ‘మునుస్వామి వివరాలు పరిశీలనలో ఉన్నాయి, పాత ప్రతిని వాడవద్దు’ అని వాట్సాప్‌లో పెట్టాం. అది పాత ప్రతిని అందుకున్న అందరికీ చేరలేదు, చేరినవారిలో చాలామంది చదవలేదు. ఈలోగా ఇద్దరు సభ్యులు ఆ వృక్షాన్ని ఇంటర్నెట్‌లోని ఉచిత వంశవృక్షాల వేదికల్లోకి ఎక్కించారు. అక్కడి నుంచి మాకు ముక్కూమొహమూ తెలియనివాళ్ళు తమ వృక్షాల్లోకి దించుకున్నారు. నెల తిరిగేసరికి మా తప్పు నాలుగు చోట్ల కనిపిస్తోంది, ప్రతి చోటా మిగతా మూడూ దానికి సాక్ష్యాలుగా నిలుచున్నాయి. కొత్తగా చూసేవారికి నాలుగు ఆధారాలున్నట్టే అనిపిస్తుంది. ఉన్నది ఒక్కటే, అదీ మా ఊహ.

తర్వాత పెద్దలను పిలిచాం. రెండు శాఖల నుంచీ వయసులో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, విన్నది చెప్పమన్నాం. ఆలోచన మంచిదే గానీ నడిపిన తీరు బాగాలేదు. పెద్దింటివారు పదకొండు మంది వచ్చారు, చిన్నింటివారు ముగ్గురే వచ్చారు. ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు రాలేకపోయారు. కూతురి సంతానమైన పెద్దావిడను పిలవాలా వద్దా అన్నదే గంటసేపు వాదన అయింది. “ఆడబిడ్డ తరపు వాళ్ళకు మా వంశంతో ఏం పని?” అని ఒకాయన అడిగాడు. చివరికి చేతులెత్తి తేల్చుకుందామన్నారు. ముత్తాత ఎవరన్నది చేతులెత్తి తేల్చే విషయం కాదని నేను సమావేశం ఆపేశాను. ఆపడం సరైన పనే. కానీ అప్పటికే రెండు శాఖల మధ్య మాటలు ఆగిపోయాయి.

మూడోసారి డబ్బు దండగైంది. డర్బన్ ఆవిడ డీఎన్ఏ పరీక్ష చేయించుకుని ఉన్నారు. మా పెద్దింటి సభ్యుడు కూడా ఖర్చు పెట్టుకుని చేయించుకున్నాడు. ఇద్దరికీ పోలిక కలిసింది, అనుకున్నదానికంటే ఎక్కువగానే కలిసింది. మా వాట్సాప్‌లో అభినందనలు మొదలయ్యాయి. నాకు మాత్రం అనుమానం పెరిగింది. ఓడెక్కినవాడు పెద్దింటివాడైనా చిన్నింటివాడైనా, వెంకటప్పా వెంకటరామయ్యా అన్నదమ్ములే కాబట్టి, వారి మునిమనవల పిల్లల మధ్య పోలిక రావలసిందే. అన్ని తరాల తర్వాత మిగిలే కొద్దిపాటి పోలికతో అన్న కొడుకా తమ్ముడి కొడుకా అని విడదీయలేం. పైగా మన జిల్లాలో మేనరికాలు, అక్క కూతుళ్ళను చేసుకోవడం తరతరాలుగా ఉన్నాయి. ఒకే పూర్వీకుడు రెండు మూడు దారుల్లో వచ్చినప్పుడు పరీక్షలో బంధుత్వం అసలుకంటే దగ్గరగా కనిపిస్తుంది. ఈ విషయం పరీక్షకు ముందే సభ్యులకు చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

నాలుగో ప్రయత్నం నాదే, ఎక్కువ నష్టం చేసిందీ అదే. వృక్షాలన్నిటికీ తాళం వేసి, కార్యదర్శి అనుమతి లేనిదే ఎవరూ చూడకూడదన్నాను. రెండు నెలల్లో కొత్త కాగితం ఒక్కటి కూడా రాలేదు. అడిగితే ఒక సభ్యుడు మొహమాటం లేకుండా చెప్పాడు: “మా కాగితాలు మీ దగ్గర, మీ వృక్షం మీ దగ్గర. మాకేం మిగిలింది సార్?” నిజానికి అంతకుముందు నుంచే చాలామంది అసలైన కాగితాలు బయటికి తీసేవారు కారు. పట్టా నకలు ఇస్తే సర్వే నంబరు పట్టుకుని ఎవరో ఒకరు పొలం మీదికి వస్తారన్న భయం ఊళ్ళలో గట్టిగా ఉంది. తిరుపతి చుట్టూ భూముల ధరలు చూస్తే ఆ భయం వట్టిది కాదు కూడా.

ఏది పనికొచ్చింది

అప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, మేము పంచుతున్నది ఆధారం కాదనీ తీర్పు మాత్రమేననీ అర్థమైంది. తీర్పు చేతికందినవాడు దాని వెనక ఏముందో అడగడు. అందుకని క్రమాన్ని తిరగేశాం. వృక్షాల మీద సంఘం ముద్ర వేయడం పూర్తిగా మానేశాం. ‘ఫలానావాడు ఫలానావాడి కొడుకు’ అన్న ప్రతి మాటకూ ఒక చీటీ రాయడం మొదలుపెట్టాం. చీటీలో ఆ మాట, అది ఏ కాగితంలో ఉంది, ఆ కాగితం ఎవరింట్లో ఉంది, దాన్ని ఎవరు ఎప్పుడు చూశారు, అన్నవి ఉంటాయి. అడుగున మూడు మాటల్లో ఒకటి రాయాలి: చూశాం, విన్నాం, అనుకుంటున్నాం. పంచేది చీటీలను. వృక్షం ఎవరికి వారు తమ ఇంట్లో గీసుకోవచ్చు. బతికి ఉన్నవారి పేర్లతో చీటీ రాయకూడదు.

ఈ మూడు మాటల దగ్గర కొంత తర్జనభర్జన జరిగింది. ఐదు స్థాయిలు పెడదామని ఒక ఉపాధ్యాయుడు పట్టుబట్టాడు. స్థాయిలు ఎక్కువైతే ప్రతివాడూ తన ఊహను ఒక మెట్టు పైకి జరుపుకుంటాడని నేను ఒప్పుకోలేదు. చూశామా విన్నామా అన్నది ఎవరైనా నిజాయితీగా చెప్పగలరు. పాత వృక్షాన్ని ఈ లెక్కన విడగొట్టి చూస్తే, మునుస్వామి ఓడెక్కాడన్నది చూశాం, వెంకటప్పకు మునుస్వామి అనే కొడుకున్నాడన్నది విన్నాం, ఆ ఇద్దరూ ఒకరేనన్నది మాత్రం కేవలం అనుకున్నాం. మైసూరుపాకు పంచుకున్నది ఆ మూడో చీటీ మీద!

రెండో మార్పు కాగితాల గురించి. కాగితం ఇల్లు దాటి రానక్కర్లేదన్నాం. మేమే వెళ్ళి వారి అరుగు మీదే ఫోటో తీస్తాం. సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్న గడుల మీద తెల్ల కాగితపు పట్టీ కప్పిన తర్వాతే తీస్తాం. వంశం తెలుసుకోవడానికి పేరు, తండ్రి పేరు, ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) చాలు, పొలం ఎక్కడుందో మాకు అక్కర్లేదు. ఎవరింట్లో ఏ రకం కాగితం, ఏ కాలానిది ఉందో చెప్పే జాబితా ఒకటి తయారుచేశాం. జాబితా అందరిదీ, కాగితం ఎవరిది వారిదే. ఇంత చిన్న ఏర్పాటుతో తలుపులు తెరుచుకున్నాయి.

మొదట తెరుచుకున్నది ఒక పాత కరణం గారి ఇల్లు. 1984లో గ్రామోద్యోగాలు రద్దయినప్పుడు అప్పగించకుండా మిగిలిన చిత్తు లెక్కలు కొన్ని వారి అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. పుటలు గోధుమరంగుకు తిరిగాయి, అంచులు ఎలుకలు కొట్టాయి. రాత గొలుసుకట్టు, అంకెలు తెలుగువి. మా వాళ్ళలో దాన్ని ధారాళంగా చదవగలిగినవారు ఇద్దరే. 1318 ఫసలీ లెక్కలో వెంకటప్ప కొడుకు మునుస్వామి పట్టాదారుగా ఉన్నాడు. పెద్దావిడ మనవడు ఇక గెలిచామన్నట్టు నా వైపు చూశాడు. అతణ్ణి నిరుత్సాహపరచక తప్పలేదు. చనిపోయినవాళ్ళ పేర్ల మీదా, ఊరు విడిచిపోయినవాళ్ళ పేర్ల మీదా పట్టా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోవడం రెవెన్యూలో రోజూ చూసిన సంగతే. పట్టాలో పేరుంటే పొలం ఉన్నట్టే, మనిషి ఉన్నట్టు కాదు. ఫసలీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. దానికి 590 కలిపితే అది మొదలైన జూలై ఏ సంవత్సరానిదో వస్తుంది, 591 కలిపితే ముగిసిన జూన్ సంవత్సరం వస్తుంది. 1318 అంటే 1908 జూలై నుంచి 1909 జూన్ దాకా. ఒక్క 590తోనే సరిపెట్టుకుని తేదీలు ఒక ఏడాది వెనక్కి జరిపిన వృక్షాలు మా దగ్గరే అరడజను ఉన్నాయి.

మనిషి ఊళ్ళో ఉన్నాడని చెప్పే కాగితం కావాలి. దస్తావేజు లేఖరి అయిన మా సభ్యుడు దారి చూపించాడు. రిజిస్టరైన విక్రయ దస్తావేజు వెనక సబ్ రిజిస్ట్రారు రాసే ఎండార్స్‌మెంట్‌లో, రాసి ఇచ్చినవాడు స్వయంగా హాజరై ఒప్పుకున్నాడనీ, అతణ్ణి ఫలానా సాక్షులు గుర్తించారనీ ఉంటుంది. పొలం తర్వాతి కొనుగోలుదారుల ఇంట్లో 1909 నాటి దస్తావేజు అసలు ప్రతే దొరికింది. అందులో వెంకటప్ప కుమారుడు మునుస్వామి హాజరయ్యాడు, వేలిముద్ర వేశాడు. ఓడెక్కినవాడు ఒప్పందం ముగిసి తిరిగి వచ్చి ఉండవచ్చు కదా అన్న ప్రశ్న అప్పటికీ ఉంది. ఒప్పందం పూర్తిచేసిన వారికి తిరుగు ప్రయాణపు హక్కు ఉండేది, వచ్చినవారూ ఎందరో ఉన్నారు. డర్బన్ ఆవిడను మళ్ళీ అడిగాం. అదే ఏడాది, దస్తావేజుకు రెండు వారాల తేడాలో, అక్కడ బిడ్డ పుట్టినట్టు తండ్రి స్వయంగా నమోదు చేయించిన కాగితం ఆమె దగ్గర ఉంది. అందులో ఓడ జాబితాలోని నంబరే ఉంది. రెండు వారాల్లో ఆ సముద్రం దాటి రావడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు. అంటే మనుషులు ఇద్దరు.

రెండో మునుస్వామి ఎక్కడివాడన్నది చిన్నింటివారి నుంచి తెలిసింది, అదీ ఎవరూ ఊహించని కాగితంలో. వారిలో ఒకరి ఇంట్లో 1950లలో జరిగిన పెళ్ళి తాలూకు చదివింపుల పుస్తకం ఉంది. ఎర్ర అట్ట, పొడుగాటి లెక్కల పుస్తకం, మొదటి పుట మీద పసుపు మరక. ఎవరు ఎంత చదివించారో తిరిగి చెల్లించాలి కాబట్టి రాసేవాడు మనిషిని పొరపాటు లేకుండా గుర్తుపట్టేలా రాస్తాడు. అందుకే ఇందులో ఇంటిపేరు కంటే ఊళ్ళో పిలిచే పేరే ఎక్కువగా ఉంటుంది. పదిహేనో పుటలో వెంకటరామయ్య మనవడి పేరుకు ముందు ‘కప్పలోళ్ల’ అని రాసి, ఎదురుగా రెండు రూపాయలు వేశారు. అరవం కలిసిన మన వైపు మాటలో కప్పలంటే ఓడ. ఓడెక్కిన మనిషి ఏ ఇంటివాడో ఊరు మరిచిపోలేదు, ఆ ఇంటికే పేరు పెట్టింది. పుస్తకం యజమానికి ఆ మాట ఎందుకొచ్చిందో తెలియదు, వాళ్ళు కప్పలు పట్టేవారేమో అనుకునేవాడట.

ఒకే పేరు ఇద్దరికెందుకు వచ్చిందో తర్వాత ఆలోచిస్తే వింతేమీ లేదు. తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. అన్నదమ్ములిద్దరూ తమ పెద్దకొడుకులకు తండ్రి పేరే పెట్టారు. ఇద్దరూ ధాత కరువులో పుట్టారని పెద్దావిడ తన తల్లి దగ్గర విన్నారు. ధాత అంటే 1876-77, ఓడ జాబితాలోని 22 ఏళ్ళ వయసుతో కలుస్తుంది. ఊళ్ళో వాళ్ళను పెద్ద ముని, చిన్న ముని అనేవారట. ఓడ జాబితా రాసిన గుమాస్తాకు ఆ ‘చిన్న’ పనికిరాలేదు. వెంకటరామయ్యను అతడు అరవ పద్ధతిలో ‘వెంకటన్’ చేసేసరికి, అది వెంకటప్పకూ సరిపోయింది.

ఇందులో నేర్చుకున్నవి

పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు నాలుగూ కలిసినా మనిషి ఒకడే కానక్కర్లేదు. మన నామకరణ పద్ధతిలో ఆ నాలుగూ కలిసే అన్నదమ్ముల పిల్లలు ఉండటమే ఎక్కువ సహజం. కాబట్టి ఇద్దరిని ఒకరిగా కలిపే ముందు, ఆ పేరుగల మరో మనిషి కోసం పనిగట్టుకుని వెతకాలన్నది ఇప్పుడు మా నియమం. కూతుళ్ళ వైపు వారిని అడగకుండా ఏ వృక్షాన్నీ పూర్తయిందనకూడదన్నది మరొకటి. ఈ కేసులో మొదటి నుంచీ నిజం చెప్పింది, మా వృక్షంలో చోటులేని ఆ పెద్దావిడే.

సంఘం నడిపేవారికి ఇంకొక మాట. మన ముద్రను సంఘం బయట ఎలా చదువుతారో మన చేతుల్లో ఉండదు. భూమి తగాదాలో ఎవరి హక్కు ఎంతన్నది తేల్చడం మా పని కాదు, ఆ అర్హతా మాకు లేదు. కానీ ముద్ర వేసిన వృక్షం ఆ పనిలోకి మమ్మల్ని లాక్కెళ్ళింది. పాత వృక్షాన్ని ఉపసంహరించుకున్నామని తెలుపుతూ ఒక ఉత్తరం రాసి, సంతకం చేసి, రెండు శాఖలకూ పెద్దావిడకూ తలా ఒక ప్రతి ఇచ్చాం. దాన్ని వారు ఎక్కడ దాఖలు చేసుకున్నారో మేము అడగలేదు. ఇంటర్నెట్‌లోని నాలుగు ప్రతుల్లో రెండింటిని మా సభ్యులే తీసేశారు. మిగతా రెండు అలాగే ఉన్నాయి, వాటి యజమానులు మా ఉత్తరాలకు జవాబివ్వరు.

డర్బన్ ఆవిడకు కొత్త చీటీలన్నీ పంపాం. చిన్నింటి మునుస్వామి ఓడెక్కాడన్న చీటీ అడుగున ‘అనుకుంటున్నాం’ అనే ఉంది. దాన్ని చూసి ఆమె కొంచెం నొచ్చుకున్నారు. ఊరు పెట్టిన పేరు ఇంటిని చూపిస్తుంది గానీ మనిషిని చూపించదని, ‘వెంకటన్’ వెంకటరామయ్యే అని చెప్పే కాగితం ఇంకా కనిపించలేదని వివరంగా రాశాను. ముత్తాత చనిపోయినప్పుడు అక్కడ నమోదైన కాగితంలో తల్లి పేరు ఉందేమో చూడమని అడిగాను, ఎందుకంటే తోడికోడళ్ళ పేర్లు వేరు. ఆమె అర్జీ పెట్టారు. పెద్దావిడ మాత్రం వచ్చే సంక్రాంతికి సమాధికి సున్నం కొట్టిస్తున్నామని, ఫోటో తీసుకోవడానికి రమ్మని కబురు పెట్టారు.